ఫోటోల అట్ట

ముప్ఫై కిలోల కైమాని కలియబెట్టడం చేతులతో అయ్యే పని కాదు, నడుముతో అయ్యే పని. ఈ బడి వంటింట్లో చేరిన మొదటి వారంలోనే, అంటే ఇరవై రెండేళ్ళ కిందటే, ఆర్డిస్‌కి ఆ సంగతి తెలిసింది. తెడ్డు కర్ర చివర పొట్టకి ఆనించుకుని, ఎడమకాలు ముందుకేసి, ఒళ్ళంతా ఊపుతూ తిప్పుతుంది. చూసేవాళ్ళకి పడవ నడుపుతున్నట్టుంటుంది. పొద్దున్న ఆరున్నరయింది. మంచమంత మూకుడులోంచి ఆవిరి లేచి కిటికీ అద్దాల మీద నీళ్ళుగా కారుతోంది. బయట మార్చి నెల మంచు, బడి ఆవరణలో కరిగీ కరగక మురికి దుప్పటిలా పడి ఉంది.

ఆర్డిస్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ళు. జుట్టుకి కట్టిన వల నుదుటి మీద ఒరుసుకుని గీత పడిపోయింది. ఆదివారాలు వల తీసేసినా ఆ గీత పోదు. చర్చిలో ఆమెని వెనకనుంచి గుర్తుపట్టలేనివాళ్ళు కూడా ముందునుంచి ఆ గీత చూసి గుర్తుపడతారు.

"మాడుతోందే ఆర్డిస్! నీ ప్రాణం ఎక్కడుంది?" అంది బెవ్, అరటిపళ్ళ పెట్టె మోసుకొస్తూ. బెవ్ పొట్టిగా గుండ్రంగా ఉంటుంది. ఆమె నోరు ఈ వంటింట్లో అన్నిటికంటే ముందు తెరుచుకుని అన్నిటికంటే ఆఖర్న మూతపడుతుంది.

ఆర్డిస్ ఉలిక్కిపడి తెడ్డు తిప్పింది. అడుగు నిజంగానే అంటుకుంది.

"కార్లా రెండింటికొస్తానందిగా? ఫోటోలన్నీ ఏరి పెట్టుకున్నావా?"

"ఊఁ."

"నీకేం తల్లీ, నీ దగ్గర ఇనపపెట్టెడు ఉంటాయి. లవాన్ మొహం నీ ఇంట్లో ఉన్నన్ని సార్లు దాని ఇంట్లో అద్దంలో కూడా ఉండి ఉండదు."

ఆర్డిస్ మాడిన చోట గరిటె అంచుతో గీకింది. నల్లటి పెచ్చు లేచి కైమాలో కలిసిపోయింది. ఇంక దాన్ని ఏరడం ఎవరి తరమూ కాదు.

రొట్టెల బల్ల దగ్గర ఎవరూ లేరు. అది లవాన్ బల్ల. పోయిన గురువారం సాయంత్రం లవాన్ చనిపోయినప్పటి నుంచి బన్నులు దుకాణంనుంచే వస్తున్నాయి, పన్నెండేసి లెక్కన ప్లాస్టిక్ సంచుల్లో. ఆమెకి చివరిచూపు ఇవాళ సాయంత్రం నాలుగింటినుంచి, చర్చి కింది హాల్లో. రేపు పొద్దున్న పూడుస్తారు.

ఈ ఊళ్ళో మనిషి పోతే ఏ పువ్వులు, ఏ పాటలు అని ఆలోచించే ముందే, ఫోటోల అట్ట ఎవరు చేస్తున్నారని అడుగుతారు. తలుపంత తెల్లటి అట్ట. దాని మీద ఆ మనిషి పొత్తిళ్ళలో ఉన్నప్పటినుంచి నిన్నమొన్నటిదాకా ఉన్న ఫోటోలన్నీ గుండుసూదులతో గుచ్చి, గుమ్మంలోనే నిలబెడతారు. వచ్చినవాళ్ళు ముందు అట్ట దగ్గర ఆగి, "ఇదుగో, ఇక్కడ నేనూ ఉన్నా!" అని నవ్వుకుని, ఆ నవ్వు ఆరకముందే శవపెట్టె దగ్గరికి వెళ్ళి ఏడుస్తారు. అట్ట నిండుగా ఉంటే నిండుగా బతికారంటారు. పలచగా ఉంటే ఏమీ అనరు. అనకపోవడమే ఈ ఊళ్ళో పెద్ద మాట.

లవాన్ ఇల్లు ఏటి ఒడ్డున ఉండేది. రెండేళ్ళ కిందట వరదొచ్చినప్పుడు చూరుదాకా మునిగింది. ఆమె ఫోటోలన్నీ ముద్దయి, అట్టపెట్టెతో సహా పారతో ఎత్తి పోయవలసి వచ్చింది. అందుకే ఆదివారం పొద్దున్న కూతురు కార్లా ఫోన్ చేసింది. "అమ్మ ఫోటోలంటూ ఉంటే మీ దగ్గరే ఉండాలి ఆర్డిస్" అంది. ఆర్డిస్ ఇంకేమీ ఆలోచించకుండా, "నువ్వు బెంగపడకు. నా దగ్గర పదకొండు ఆల్బమ్‌లున్నాయి. మీ అమ్మ లేని పండగేది, పుట్టినరోజేది?" అనేసింది.

ఆ మాట నిజమే. ఆర్డిస్ మొగుడు డ్వేన్ లారీ నడిపేవాడు, నెలకి పదిరోజులు ఇంట్లో ఉంటే గొప్ప. శనాదివారాలు ఆర్డిస్ హైవే పక్క మోటెల్లో గదులు తుడిచేది. ఆ రెండురోజులూ పిల్లలు మిండీ, కర్ట్ లవాన్ దగ్గరే పెరిగారు. పుట్టినరోజులు అక్కడే, పళ్ళూడినవి అక్కడే, ఆటలమ్మ పోసింది కూడా అక్కడే. ఆర్డిస్ సాయంత్రం మోటెల్ యూనిఫారంతోనే పరుగున వచ్చి, సంచిలోంచి కెమెరా తీసి, మిగిలిన సంబరాన్ని ఫోటోలు తీసుకునేది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పదకొండు ఆల్బమ్‌లూ వంటింటి బల్ల మీద పరిచింది. మొదటిది తిప్పింది. రెండోది తిప్పింది. అయిదోదానికొచ్చేసరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. పదకొండోది మూసేసరికి పొయ్యి మీద పెట్టిన కాఫీ చిక్కబడి తారులా అయింది. పిల్లలున్నారు, కుక్కలున్నాయి, డ్వేన్ లారీ ఉంది. లవాన్ మాత్రం లేదు. ఒక మోచెయ్యి ఉంది. ఒక భుజం ఉంది. మంచు మీద లాగే బండి తాడు పట్టుకున్న వేళ్ళున్నాయి. మనిషి లేదు. నెగెటివ్‌ల కోసం గ్యారేజీకి వెళ్ళింది. అవి ఎప్పుడో డ్వేన్ సర్దుడులో చెత్తబండి ఎక్కాయి.

మరిచిపోయిందా అంటే మరిచిపోలేదు. చేసిన పని కళ్ళముందు పరుచుకుంటే ఎంతవుతుందో ఎప్పుడూ కూడి చూసుకోలేదంతే.

ఇరవయ్యేళ్ళు కూడా కాలేదు, ఊరి ఆడవాళ్ళందరికీ ఆల్బమ్‌ల పిచ్చి పట్టింది. మంగళవారం సాయంత్రాలు చర్చి కింది హాల్లో మడతబల్లలు వేసుకుని కూర్చునేవాళ్ళు. పక్క ఊరినుంచి ఒకావిడ రంగు కాగితాలు, అంటించే బొమ్మలు, అలల అంచు కత్తెరలు, కోడిగుడ్డు ఆకారం అచ్చులు అమ్మకానికి తెచ్చేది. ఫోటోని ఉన్నదున్నట్టు అంటించడం ఆవిడ దృష్టిలో చేతకానితనం. "అనవసరమైనదంతా కోసెయ్యండమ్మా! ఫోటోలో ఎవరు ముఖ్యమో వాళ్ళే మిగలాలి" అనేది. అందరూ గోడలు కోశారు, చెట్లు కోశారు, కార్లు కోశారు. ఆర్డిస్ లవాన్‌ని కోసింది. ఫోటోలో సగం లవానే ఉండేది మరి. మనిషి భారీ. ఫ్లాష్ పడితే ఎప్పుడూ కళ్ళు మూసుకునేది. ఒంటి మీద పిండి మరకల ఏప్రన్. అలాంటి మనిషి పక్కన గులాబీరంగు కాగితం, బెలూను బొమ్మలు ఏం నప్పుతాయి? ఆర్డిస్ తనకి తాను చెప్పుకున్న కారణం అదే.

అన్నిటికంటే కాల్చే సంగతి మరొకటుంది. ఆ మంగళవారాలు లవాన్ కూడా వచ్చేది. ఆమెకి ఆల్బమ్ లేదు, ఊరికే వచ్చేది. పళ్ళెం నిండా చాక్లెట్ బార్లు చేసి తెచ్చి, ఆర్డిస్ పక్కన కూర్చుని, కోసిన ముక్కలన్నీ అరచేతి అంచుతో ఊడ్చి చెత్తబుట్టలో పోసేది.

"ఇదుగో అమ్మల్లారా, నా తలకాయ చెత్తలోకి పోతోంది. ఎవరైనా ఒక ప్రార్థన చదవండి" అనేది. అందరూ విరగబడి నవ్వేవాళ్ళు.

"కదలకే, కత్తెర తప్పుతుంది" అనేది ఆర్డిస్.

"కొయ్యి కొయ్యి. నన్ను తీసేస్తే ఇంకో ముగ్గురు పిల్లలు పడతారక్కడ."

ఆర్డిస్ కూడా నవ్వేది. కోస్తూనే నవ్వేది.

*

పదకొండున్నరకి గంట మోగింది. పిల్లలు వరసగా పళ్ళేలు పట్టుకుని వచ్చారు. బన్ను విప్పి, ఒక గరిటె కైమా వేసి, మూసి, పక్కన మొక్కజొన్న గింజలు, అరటిపండు. బన్ను, గరిటె, మూత. బన్ను, గరిటె, మూత. ఆర్డిస్ చేతులు వాటంతటవే ఆడుతున్నాయి. ఆల్బమ్‌లు కారు డిక్కీలో పాత తువ్వాలు కింద ఉన్నాయి. ఎందుకు తెచ్చిందో తనకే తెలియదు. ఇంట్లో వదిలేస్తే ఎవరో వచ్చి చూస్తారని భయమేసింది. జ్వరం పిల్లని ఇంట్లో వదిలి పనికొచ్చిన తల్లికి ఏ పని చేస్తున్నా చెయ్యి ఆ నుదుటి మీదే ఉన్నట్టుంటుందే, అలా ఉంది పొద్దుటినుంచీ.

కార్లాకి ఏం చెప్పాలో మూడురోజులుగా నూరుకుంటోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక దారి. ఆ దారిలో నాలుగు మాటలు అనుకునేసరికి మళ్ళీ మొదటికొస్తోంది. మీ అమ్మ మా పిల్లల్ని సాకింది, నేను మీ అమ్మని కత్తిరించి పారేశాను. అమ్మని పోగొట్టుకుని వారం తిరగని పిల్లతో ఈ మాట ఎలా అంటారు? అనకుండా ఎలా ఉంటారు?

రెండు కొట్టేసరికి కార్లా వెనక తలుపులోంచి వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. తల్లి భుజాలే, తల్లి నడకే. మూడు నిద్రలేని రాత్రుల కళ్ళు. చంకలో ఖాళీ అట్టపెట్టె. ఫోటోలు పెట్టుకోవడానికి తెచ్చుకుంది కాబోలు. బూట్ల పెట్టె కాదు, పెద్దదే తెచ్చింది.

"మీరు పన్లో ఉన్నారా? తర్వాత రానా?"

"లేదమ్మా, అయిపోయింది" అంటూ ఆర్డిస్ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకుంది. "కార్లా, ఏం చెప్పమంటావు... మా ఆల్బమ్‌లన్నీ తడిసిపోయాయి."

వంటింట్లో గిన్నెల మోత ఆగింది. బెవ్ వింటోంది.

కార్లా పెట్టెని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది. "మీ ఇల్లు గుట్ట మీద కదా?"

"వరదకి కాదు. బేస్‌మెంట్‌లో పైపు పగిలింది. నేను చూసుకోలేదు. ఆదివారం కిందికెళ్ళి చూద్దును కదా, అన్నీ ముద్ద."

ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకోటి, దాని కింద ఆసరాగా మరోటి. ఫోటోలు తడిసి ముద్దవడం అనే కష్టం లవాన్‌ది. ఆ కష్టాన్ని కూడా ఆమెనుంచి దొంగిలించి తను కట్టుకున్నానని మాట నోరు దాటాక గాని ఆర్డిస్‌కి తట్టలేదు.

కార్లా ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత దగ్గరికొచ్చి, ఖాళీ పెట్టె మధ్యలో నొక్కుకుపోతుండగా, కావలించుకుంది.

"అయ్యో, పోనీలెండి. మీరు బాధపడకండి. ఉన్నవాటితో సర్దుకుంటాం."

ఒంటినిండా మాడిన కైమా వాసనతో ఆర్డిస్ ఆ కౌగిలిలో కట్టెలా నిలబడింది. చెంపదెబ్బ కొట్టినా ఇంత మండేది కాదు.

*

చర్చి కింది హాల్లో అవే మడతబల్లలు. ఒకదాని మీద పందిమాంసం పెట్టిన చిన్న బన్నులు, ఆకుపచ్చ జెల్లీ, నాలుగు రకాల చాక్లెట్ బార్లు. ఇంకోదాని మీద కాఫీ. గుమ్మం దగ్గర సంతకాల పుస్తకం, పెన్ను. పక్కనే అట్ట.

అట్ట మీద ఆరే ఫోటోలున్నాయి. పొత్తిళ్ళలో ఒకటి. హైస్కూలు చదువు అయినప్పటిది. పేపర్లో పడిన పెళ్ళి ఫోటో. కజిన్ ఎవరో పంపిన మసక ఫోటో, అందులో లవాన్ చెట్టో మనిషో తెలియడం లేదు. బడి సిబ్బంది వరసలో నిలబడ్డది. ఆఖరిది డ్రైవింగ్ లైసెన్సులోది, పెద్దది చేయించి పెట్టారు. అందులో నేరస్థురాలిలా ఉంది. మిగిలిన తెల్లటి జాగా అంతా కార్లా కాగితం పువ్వులు అంటించింది. ఎన్ని పువ్వులంటిస్తే అంత ఖాళీ కనిపిస్తోంది.

జనం అట్ట ముందు ఆగుతున్నారు. ఒక నిమిషం పట్టేచోట పది సెకన్లలో అయిపోతోంది. ఏమీ అనకుండా ముందుకి వెళ్తున్నారు.

ఆర్డిస్ కాఫీ బల్ల వెనకాల చేరి కప్పులు నింపుతోంది. శవపెట్టె వైపు వెళ్ళలేదు. అబద్ధం మాత్రం ఆమెకంటే ముందు ఊరంతా తిరిగొచ్చింది, బెవ్ పుణ్యమా అని. వచ్చిన ప్రతివాళ్ళూ ఆమె చెయ్యి పట్టుకుని, "నీ ఆల్బమ్‌లు పోయాయటగా, పాపం" అంటున్నారు. చచ్చిపోయింది లవాన్ అయితే ఓదార్పు ఆర్డిస్‌కి దక్కుతోంది. ఒకావిడ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది.

ఆర్లో వచ్చాడు. డెబ్భై దాటాయి. నలభయ్యేళ్ళుగా ఈ ఊరి పైపులు బాగుచేసేది అతనే.

"ఏ పైపు పగిలింది?" అన్నాడు కప్పు చాపుతూ.

"ఏదో... గోడ పక్కది."

"ఏ గోడ? వేడినీళ్ళదా, చన్నీళ్ళదా?"

"చన్నీళ్ళదనుకుంటా."

"అనుకోవడమేంటి? నీ ఇంటి బేస్‌మెంట్‌లో ప్రతి అంగుళం పైపు నేను బిగించిందే. పగిలితే నాకు కబురు చెయ్యవా? ఎవణ్ణి పిలిచావు? ఆ పక్క ఊరి కుర్రకుంకనేనా?"

"ఎవర్నీ పిలవలేదు ఆర్లో."

"మరి నీళ్ళెలా ఆగాయి?"

ఆర్డిస్ కాఫీ పోస్తూనే ఉంది. కప్పు నిండి, సాసరు నిండి, బల్లగుడ్డ మీదికి పారింది. ఆర్లో నీళ్ళ సంగతి తెలిసిన మనిషి. ఏ నీళ్ళు ఎక్కడినుంచి కారతాయో, ఎక్కడ కారవో అతనికి తెలుసు. ఒక్క క్షణం ఆమెని చూసి, రుమాలు తీసి బల్ల తుడిచి, "సరేలే. రేపొచ్చి చూస్తా" అని మెల్లగా వెళ్ళిపోయాడు.

ఆమె కెటిల్ దించి, కోటు కూడా వేసుకోకుండా మెట్లెక్కి బయటికి వెళ్ళింది. కారు డిక్కీ తెరిచింది. తువ్వాలు లాగి, పదకొండిట్లో చేతికి వచ్చిన దాన్ని పట్టుకుంది. ఎండిన కాగితాల బరువు. చుక్క తడి లేదు.

కోట్లు తగిలించే గదిలోకి కార్లాని పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"తడవలేదు" అంది. చెప్పాలనుకున్న మాటలన్నిట్లోకీ అదొక్కటే బయటికొచ్చింది. ఆల్బమ్ చాపింది. "నేనే కోసేశాను. మీ అమ్మని. ప్రతి దాంట్లోంచీ."

కార్లా ఆల్బమ్ అందుకుంది గాని తెరవలేదు. మూసిన ఆల్బమ్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"అమ్మ చెప్పేది. నవ్వుతూనే చెప్పేదిలెండి. 'ఆర్డిస్ పుస్తకాల్లో నా చేతులే ఉంటాయి, మొహం పెట్టాలంటే కాగితం చాలదట' అని."

వెనక్కి జరిగిన ఆర్డిస్‌కి కోట్ల మధ్య గోడ తగిలింది. "తెలిసీ అడిగావా?"

"ఒక్కటైనా మిగిలుంటుందని అడిగా" అంది కార్లా. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో దొరికేది. "ఇరవయ్యేళ్ళ ఫోటోలు కదా. ఎక్కడో ఒకటి మరిచిపోయి ఉంటారనుకున్నా."

ఆమె పేజీలు తిప్పింది. నిదానంగా, చూపుడువేలు ఒక్కొక్క ఫోటో అంచు మీద ఆనిస్తూ. ఇది అమ్మ భుజం. ఇది అమ్మ మోకాలు, ఆ ప్యాంటు నాకు తెలుసు. ఇది చెయ్యి. ఓవెన్ కడ్డీలు తగిలి ముంజేతి మీద నిచ్చెన మెట్లలా కాలిన మచ్చలు. ఆర్డిస్ నేలకేసి చూస్తూ నిలబడింది. బడిలో తప్పు చేసిన పిల్లలు వంటింటి కిటికీ పక్కన ఇలాగే నిలబడతారు.

ఒక పేజీ దగ్గర కార్లా ఆగింది. రింగులు విప్పి ఆ పేజీని బయటికి తీసింది.

"ఇది పెడతా."

"వద్దు కార్లా. అందరూ చూస్తారు."

"చూడనివ్వండి. ఆ చేతులు ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. డ్రైవింగ్ లైసెన్సు కంటే నయం."

*

లైసెన్సు ఫోటో పక్కన ఆ పేజీని నాలుగు సూదులతో గుచ్చింది కార్లా. గులాబీరంగు కాగితం, మూలల్లో బెలూన్లు. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో కోసిన ఫోటో. ముందుపళ్ళు రెండూ ఊడిన మిండీ, తలమీద కాగితం టోపీ. ముందు మూడంతస్తుల కేకు. ఎడమ అంచులోంచి ఒక లావుపాటి చెయ్యి వచ్చి మిండీ చేతిని, ఆ చేతిలో కత్తిని కలిపి పట్టుకుంది. మోచేతి దగ్గర కాగితం అయిపోయింది. కింద ఆర్డిస్ గుండ్రటి దస్తూరీ.

ఆర్డిస్ కాఫీ బల్ల దగ్గరికి మళ్ళీ పోలేదు. అట్ట పక్కన నిలబడింది. వచ్చేవాళ్ళు పేజీని చూశారు, చేతిని చూశారు, ఆమెని చూశారు. బెవ్ కూడా చూసింది. చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుంది. "కేకు బావుందే" అన్నారెవరో. అంతకంటే ఎవరూ ఏమీ అనలేదు.

కార్లా కూతురు టెస్సాకి ఆరేళ్ళు. నల్ల గౌను, తెల్ల మేజోళ్ళు. ఒకటి జారిపోయి ఉంది. చదవడం కొత్తగా వచ్చిన పిల్లలు దేన్నీ వదలరు. అట్ట ముందు నిలబడి వేలు పెట్టి కూడబలుక్కుంది.

"మిండీకి... ఆరో... పుట్టినరోజు. నాకూ ఆరే." వేలు కింది వరసకి జారింది. "కేకు... నేనే... చేశాను." పేజీ పక్కనే నిలబడ్డ ఆర్డిస్ కేసి తల తిప్పింది. "మీరే చేశారా?"

ఆర్డిస్ ఆ పిల్ల జారిన మేజోడు పైకి లాగడానికి వంగింది. వంగినది అలాగే మోకాళ్ళ మీద కూర్చుంది.

"కాదమ్మా. మీ అమ్మమ్మ చేసింది."

"మరి నేనే అని రాశారేం?"

"అబద్ధం రాశాను."

టెస్సా కళ్ళు పెద్దవయ్యాయి. పెద్దవాళ్ళు ఆ మాట ఒప్పుకోగా ఎప్పుడూ వినలేదు కాబోలు. మళ్ళీ ఫోటోకేసి చూసింది. ముక్కు దాదాపు కాగితానికి ఆనించింది.

"ఈ పాప ఎవర్ని చూసి నవ్వుతోంది?"

పదమూడేళ్ళుగా ఆ పేజీ ఆర్డిస్ ఇంట్లో ఉంది. ఎంతమందికి చూపించిందో లెక్కలేదు. ఇప్పుడు చూసింది. మిండీ కేకుని చూడడం లేదు. కెమెరానీ చూడడం లేదు. మెడ వెనక్కి వాల్చి, నోరు తెరిచి, ఆ లావుపాటి చేతి వెంబడే పైకి, పక్కకి చూస్తోంది. ఆ శనివారం సాయంత్రం ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. మోటెల్ పని ముగించుకుని, బస్సు తప్పిపోతే మైలు నడిచి, క్లోరిన్ వాసన వేసే చేతులతో కెమెరా ఎత్తి, 'మిండీ, ఇటు చూడవే, అమ్మ వచ్చింది చూడు' అని మూడుసార్లు పిలవడం. పిల్ల తిరగకపోవడం. తను కోసింది లవాన్ లావుగా ఉందనీ కళ్ళు మూసుకుందనీ కాదు. మిగిలిన ఫోటోలు కూడా వరసగా వచ్చి నిలబడ్డాయి. మంచు బండి మీద కర్ట్, ఊడిన పన్ను పట్టుకున్న మిండీ. పదకొండు ఆల్బమ్‌లలో తన పిల్లలు అంచుకేసే చూస్తున్నారు.

"మీ అమ్మమ్మని" అంది ఆర్డిస్.

"అమ్మమ్మేదీ?"

"నేను కత్తిరించేశాను."

"ఎందుకు?"

హాల్లో మాటలు తగ్గాయి. ఆర్లో కప్పులోకి చూస్తున్నాడు. కార్లా పెట్టె దగ్గరినుంచి తల తిప్పింది.

"మా పిల్ల నన్ను చూడట్లేదని" అంది ఆర్డిస్.

టెస్సా "అది పిచ్చి పని" అని తేల్చింది. వెళ్ళి సంతకాల పుస్తకం మీదున్న పెన్ను తెచ్చి ఇచ్చింది. "తప్పు రాస్తే కొట్టేసి మళ్ళీ రాయాలి. మా టీచర్ చెప్పింది."

ఆర్డిస్ మోకాళ్ళ మీదనుంచి లేచింది. అందరూ చూస్తుండగా 'నేనే చేశాను' అన్న మాటల్ని ఒక్క గీతతో కొట్టేసి పైన 'లవాన్ చేసింది' అని రాసింది. నిలబెట్టిన అట్ట మీద రాయడం అలవాటు లేదు. అక్షరాలు వంకరపోయాయి.

ఆ తర్వాతే పెట్టె దగ్గరికి వెళ్ళింది. లవాన్‌కి లేతనీలం గౌను తొడిగారు. పొడుగు చేతులది. మచ్చలు కనపడడం లేదు. పోయిన గురువారం మూడింటికి లవాన్ రొట్టెల బల్ల తుడిచి, వల తీసి జేబులో పెట్టుకుని, "నడుం లాగేస్తోందే, పొద్దున్నే కలుద్దాం" అంది. ఆర్డిస్ గిన్నెలు కడుగుతూ తల తిప్పకుండానే సరేనంది. ఇంటికెళ్ళి టీవీ ముందు కుర్చీలో కాళ్ళు చాపుకుంది లవాన్. తర్వాత లేవలేదు. శుక్రవారం ఆమె కాఫీ కప్పు తొమ్మిదింటిదాకా బల్ల మీద చల్లారింది. అప్పుడు ఫోన్ మోగింది.

"తల తిప్పి చూడవలసింది" అంది ఆర్డిస్, ఆ నీలం గౌనుతోనే మాట్లాడుతున్నట్టు.

ఏడింటికి జనం పలచబడ్డారు. ఆడవాళ్ళు మిగిలిన బన్నులు మూటకట్టారు, కుర్చీలు మడిచి గోడకి ఆనించారు. ఆర్లో ఆర్డిస్ కోటు తెచ్చి భుజాల మీద వేశాడు. పైపు మాట ఎత్తలేదు. అందరూ మెట్లెక్కాక ఎవరో దీపాలు తీసేశారు, గుమ్మం మీద ఒక్కటి వదిలి. ఆ వెలుగులో అట్ట మీద, ఎవరి చెయ్యో తన చేతిని పట్టుకుని ఉండగా, కాగితం టోపీ పెట్టుకున్న ఆరేళ్ళ పిల్ల కాగితం అయిపోయిన చోటుకి తలెత్తి నోరారా నవ్వుతోంది.